పశువుకు వేసే నొప్పి సూది – రాబందులు – మన ఆరోగ్యం

మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి, దెబ్బ తగిలి వాచినప్పుడు, ఆపరేషన్ తరువాత నొప్పికి మనం వాడే మందులలో డైక్లోఫెనాక్ ఒకటి. ఈ మందు పేరు తెలియని మందుల దుకాణం లేదు. మన ఇళ్ళలో కూడా ఈ మాత్ర ఒకటో రెండో డబ్బాలో ఉంటుంది. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే ఇది మంచి మందే.

ఇదే మందును పశువులకు సూదిగా వేసినందువలన మన దేశంలో రాబందులు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చాయి. రాబందులు పోయినందువలన మనుషులకు కూడా ప్రాణనష్టం కలిగింది. పక్షుల సంగతి ఆరోగ్య పుస్తకంలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. పాడి పశువులున్న ప్రతి ఇంటికీ, కుక్కలు తిరిగే ప్రతి వీధికీ ఈ సంగతితో సంబంధం ఉంది గనుక దీనిని పాఠంగా వ్రాస్తున్నాము.

ఈ పాఠంలో నేర్చుకునే సంగతులు: రాబందులు ఎందుకు చనిపోయాయో పశువైద్యులు ఎలా కనుక్కున్నారు? అందువలన మనుషులకు ఏమి నష్టం కలిగింది? పశువుకు నొప్పి మందు అవసరమైనప్పుడు మనం ఏమి చేయాలి?

రాబందు చేసే పని

రాబందు వేటాడే పక్షి కాదు. చచ్చిన జంతువులను తిని బ్రతుకుతుంది. ఆకాశంలో చాలా ఎత్తున తిరుగుతూ చూపుతోనే ఆహారాన్ని కనుక్కుంటుంది. ఒకటి దిగితే దానిని చూచి చుట్టుపక్కల ఉన్నవన్నీ దిగుతాయి. పెద్ద గుంపు వాలితే ఒక ఆవు కళేబరంలో మాంసమంతా గంటలోపే అయిపోయి ఎముకలు మిగులుతాయి. దాని కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. కుళ్ళిన మాంసంలోని అనేక రకాల సూక్ష్మక్రిములు అక్కడే చనిపోతాయి.

మన పల్లెల్లో గొడ్డు చస్తే ఊరి బయట పడవేయడం పాతకాలం నుండి ఉన్న అలవాటు. మునుపు రాబందులు వచ్చి దానిని శుభ్రం చేసేవి. జీతం లేని ఆరోగ్య కార్యకర్తల వలె అవి పనిచేశాయి. ఇప్పుడు నలభై ఏళ్ళు దాటిన వారికి ఆ దృశ్యం జ్ఞాపకం ఉంటుంది. పిల్లలు మాత్రం రాబందును పుస్తకంలో బొమ్మగానే చూస్తున్నారు.

ఎంత తగ్గిపోయాయి?

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కేవలాదేవ్ జాతీయ పార్కు ఉంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాష్ అనే శాస్త్రవేత్త 1980లలో అక్కడ రాబందుల గూళ్ళు లెక్కించారు. 1990ల చివర్లో మళ్ళీ లెక్కించేసరికి చాలా గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. కొమ్మల మీద పక్షులు మెడ వ్రేలాడేసి మగతగా కూర్చుని ఉండేవి. కొన్ని అలాగే క్రింద పడి చనిపోయేవి.

ఆ తరువాత ఉత్తర, మధ్య భారతదేశంలో రోడ్ల వెంట వాహనాలలో వెళ్తూ పలుమార్లు లెక్కలు తీశారు. 1992 నుండి 2007 లోపు తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు తగ్గినట్లు తేలింది. అంటే వెయ్యి పక్షులు ఉన్నచోట ఒక్కటి మిగిలింది. పొడవు ముక్కు రాబందు, సన్న ముక్కు రాబందు అనే మరి రెండు జాతులు నూటికి 97 వంతుల వరకు తగ్గాయి. ఇంత సాధారణమైన పక్షి ఇంత త్వరగా తగ్గిపోవడం లోకంలో చాలా అరుదు.

పశువైద్యులు కారణం ఎలా కనుక్కున్నారు?

ఇది ఏదో కొత్త వైరస్ వలన వచ్చిన అంటురోగమని మొదట చాలామంది అనుకున్నారు. ఊరూరా, దేశాలు దాటి ఒకే విధంగా చనిపోతున్నాయి గనుక ఆ అనుమానం సహజమే. పొలాల్లో వేసే పురుగుమందుల వలననేమో అని మరికొందరు అనుకున్నారు.

2000 సంవత్సరం నుండి పాకిస్తాన్‌లోని పంజాబ్ ప్రాంతంలో అమెరికాకు చెందిన లిండ్సే ఓక్స్ అనే పశువైద్యుడు, ఆయన తోటి పరిశోధకులు ఈ పనికి పూనుకున్నారు. చనిపోయిన రాబందులను సేకరించి శవపరీక్ష చేశారు. పరీక్షించిన 259 పక్షులలో 219 పక్షుల గుండె, కాలేయం, మూత్రపిండాల మీద సుద్దపొడి చల్లినట్లు తెల్లని పొర ఉంది. ఆ పొర యూరిక్ ఆమ్లం. దీనినే లోపలి అవయవాల గౌట్ అంటారు. మూత్రపిండాలు పనిచేయడం మానివేశాయనడానికి అది గుర్తు.

మూత్రపిండాలు ఎందుకు చెడిపోయాయి? వైరస్‌ల కోసం, బాక్టీరియాల కోసం వెదికారు. దొరకలేదు. పురుగుమందులు, సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషాలకు పరీక్ష చేశారు. అవీ కారణం కాదని తేలింది.

అప్పుడు వారు ఒక సాధారణమైన ప్రశ్న వేసుకున్నారు. ఈ పక్షులు ఏమి తింటున్నాయి? చచ్చిన పశువులను తింటున్నాయి. చావక ముందు ఆ పశువులకు ఏ మందులు వేశారు? ఈ ప్రశ్నతో పశువైద్యుల వద్దకు, మందుల దుకాణాలకు వెళ్ళారు. విచారించిన 74 మందిలో ప్రతి ఒక్కరూ డైక్లోఫెనాక్ అమ్ముతున్నారు. మనుషులకు వచ్చిన ఈ మందు 1990లలో పశువులకు కూడా చవకగా దొరకసాగింది. జ్వరం వచ్చినా, కుంటినా, పొదుగు వాచినా అదే సూది వేసేవారు.

తరువాత పరీక్ష స్పష్టంగా ఉంది. గౌట్‌తో చనిపోయిన 25 రాబందుల మూత్రపిండాలను పరీక్షిస్తే 25లోనూ డైక్లోఫెనాక్ ఉంది. వేరే కారణాలతో చనిపోయిన 13 రాబందులలో ఒక్కదానిలోనూ అది లేదు. మందు వేసిన పశువు మాంసాన్ని, గాయపడి ఎగరలేని రాబందులకు పెట్టి చూస్తే వాటిలో సగానికి పైగా అదే విధంగా చనిపోయాయి. ఈ సంగతులు 2004లో ప్రకటించారు. అదే సంవత్సరం భారతదేశం, నేపాల్‌లలో చనిపోయిన రాబందులలో కూడా ఈ మందే ఉన్నట్లు వేరొక బృందం చూపింది.

మనకు మందు, దానికి విషం ఎలా అయింది?

శరీరంలో మాంసకృత్తులు ఖర్చయినప్పుడు వ్యర్థ పదార్థం తయారవుతుంది. మనిషి దానిని ఎక్కువగా యూరియా రూపంలో నీటిలో కరిగించి మూత్రంగా పంపివేస్తాడు. పక్షులు యూరిక్ ఆమ్లం రూపంలో పంపివేస్తాయి. పక్షి రెట్టలో కనిపించే తెల్లని భాగం అదే.

డైక్లోఫెనాక్ రాబందు మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. యూరిక్ ఆమ్లం బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది. రక్తంలో పట్టనంత అయినప్పుడు అవయవాల మీద గడ్డకడుతుంది. మందు లోపలికి పోయిన రెండు మూడు రోజులలో పక్షి చనిపోతుంది. ఒక ప్రాణికి మందైనది మరొక ప్రాణికి విషం కావచ్చునని దీనివలన తెలుస్తున్నది. మనిషికి పనిచేసింది గదా, పశువుకు పనిచేసింది గదా అని అన్నిటికీ వాడరాదు.

ఇక్కడ ఇంకొక సందేహం రావచ్చు. అన్ని పశువులకూ ఈ సూది వేయరు గదా, మరి ఇన్ని రాబందులు ఎలా చనిపోయాయి? దీనికి జవాబు వాటి భోజనంలోనే ఉంది. ఒక్క కళేబరం మీద పదులకొలది పక్షులు వాలుతాయి. ఒక్క పశువులో మందు ఉంటే ఆ గుంపంతా తింటుంది. నూటికి ఒక్క కళేబరంలో, అంతకంటె తక్కువ వాటిలో ప్రాణాంతకమైన మోతాదు ఉన్నా సరే, అంతటి నాశనానికి చాలునని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. పైగా రాబందు సంవత్సరానికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెరిగి గుడ్డు పెట్టడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది. కోడి వలె త్వరగా వృద్ధి చెందే పక్షి కాదు గనుక పోయినవాటి స్థానం నిండలేదు.

మనుషులకు కలిగిన నష్టం

రాబందులు లేకపోయినా పశువులు చావడం ఆగదు. కళేబరాలు ఊరి చివర కుళ్ళసాగాయి. వాన పడితే ఆ మురికి చెరువులోకి, వాగులోకి చేరుతుంది. అక్కడికి కుక్కలు, ఎలుకలు చేరాయి. తిండి సమృద్ధిగా దొరికితే కుక్కల సంతతి పెరుగుతుంది. రాబందు రేబిస్ వ్యాప్తి చేయదు. కుక్క చేస్తుంది.

2024లో ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రకటించారు. మునుపు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలను, మొదటి నుండి లేని జిల్లాలతో పోల్చి మరణాల లెక్క చూచారు. రాబందులు పోయిన జిల్లాలలో మనుషుల మరణాలు నూటికి 4కు పైగా పెరిగాయి. 2000 నుండి 2005 వరకు దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని వారి అంచనా. కుక్కలు పెరగడం, నీరు పాడవడం ముఖ్య కారణాలని వారు చెప్పారు. ఇది అంచనాయే గాని పేరు పేరునా లెక్కించినది కాదు. అయినా ఒక పక్షి పోతే మనిషికి ఎంత నష్టమో దీనివలన గ్రహించవచ్చు.

దీనిలో విచారకరమైన సంగతి ఏమనగా, ఈ సూది వేసినవారెవరూ చెడ్డ ఉద్దేశంతో వేయలేదు. నొప్పితో ఉన్న గేదెను చూడలేక వేయించారు. దాని పాల మీద కుటుంబం బ్రతుకుతుంది. జాలి ఉంటే చాలదు, దానితోపాటు తెలివి కూడా ఉండాలి.

మందు మార్చితే సరిపోతుంది

పశువుకు నొప్పి మందు వేయవద్దని ఎవరూ చెప్పడం లేదు. రాబందుకు హాని చేయని మందు వేయమంటున్నారు. పరిశోధకులు ఆ మందు కోసం కూడా వెదికారు. జూలలో, పక్షుల సంరక్షణ కేంద్రాలలో పనిచేసే పశువైద్యులను, జబ్బుపడిన పక్షులకు మీరు ఏ నొప్పి మందు వాడారు, ఫలితం ఏమిటి అని అడిగారు. మెలాక్సికామ్ అనే మందును 60 జాతులకు చెందిన 700కు పైగా పక్షులకు వాడినా ఒక్కటీ చనిపోలేదని తేలింది. తరువాత దక్షిణాఫ్రికాలోను, మన దేశంలోను రాబందులకే ఇచ్చి చూచారు. క్షేమంగా ఉన్నాయి. 2006లో ఈ ఫలితాలు ప్రకటించారు. పశువు జ్వరానికి, వాపుకు, నొప్పికి కూడా మెలాక్సికామ్ బాగా పనిచేస్తుంది. ఆ తరువాత టోల్ఫెనామిక్ ఆసిడ్ అనే మందు కూడా రాబందులకు హాని చేయదని తేలింది.

ప్రభుత్వం తీసుకున్న చర్యలు ఇవి:

2006 – పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారీని ఆపివేయమని ఉత్తర్వు. నేపాల్, పాకిస్తాన్ దేశాలు కూడా అదే సంవత్సరం నిషేధించాయి.

2015 – మనుషుల డైక్లోఫెనాక్ సూదిమందును 30 మి.లీ. పెద్ద సీసాలలో అమ్మడం నిషేధం. అప్పటి నుండి 3 మి.లీ. ఒక్క మోతాదుగానే అమ్మాలి.

2023 – పశువులకు కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందుల నిషేధం. అసిక్లోఫెనాక్ పశువు శరీరంలోకి వెళ్ళిన తరువాత డైక్లోఫెనాక్‌గానే మారుతుంది.

2024 చివర – పశువులకు నిమెసులైడ్ నిషేధం.

పెద్ద సీసా ఎందుకు నిషేధించారు? 2006 నిషేధం తరువాత కొందరు మనుషుల మందును కొని పశువులకు వేయసాగారు. పెద్ద గేదెకు సుమారు 15 మి.లీ. మందు కావాలి. పెద్ద సీసా ఒకటి కొంటే రెండుసార్లు సరిపోయేది. చిన్న సీసాలైతే ఐదు పగలగొట్టాలి, ఖర్చు కూడా ఎక్కువ. ఈ విధంగా దొంగవాడకం తగ్గించాలని ఆ చట్టం ఉద్దేశం. చట్టం ఒక్కటే చాలదు. మందు అడిగేది మనమే, కొనేది మనమే.

నిషేధం తరువాత రాబందులు తగ్గిపోయే వేగం తగ్గింది. హర్యానాలోని పింజోర్‌లో 2001లో రాబందుల సంరక్షణ కేంద్రం ప్రారంభమైంది. అక్కడ గుడ్లు పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. హైదరాబాదు నెహ్రూ జూ పార్కులో కూడా తెల్లవీపు రాబందుల సంతతి పెంచే ప్రయత్నం చేపట్టారు. తెలంగాణలో బెజ్జూరు అడవులలో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోట పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ కొండచరియల మీద పొడవు ముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. ప్రాణహిత ఆవల మహారాష్ట్ర గడ్చిరోలి అడవులు ఉన్నాయి. రాబందు ఆహారం కోసం రోజుకు పదుల కిలోమీటర్లు ఎగురుతుంది గనుక ఎక్కడో ఒక ఊరిలో వేసిన సూది ఆ గుట్ట మీది గూటికి చేరగలదు.

మనం చేయవలసినవి

1. పశువుకు జబ్బు చేస్తే పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి, లేదా పశువైద్యుని పిలిపించండి. గోపాలమిత్ర వచ్చినా, ఇంకెవరు వచ్చినా, వేసే సూది పేరు అడగండి. అడగడం అమర్యాద కాదు. నొప్పికైతే "మెలాక్సికామ్ వేయండి" అని చెప్పండి. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి.

2. మన కోసం డాక్టరు వ్రాసి ఇచ్చిన నొప్పి మాత్రలు, సూదిమందులు పశువుకు వేయవద్దు. ఇంట్లో మిగిలిన మందు పొరుగువారి గేదె కోసం ఇవ్వవద్దు. మందుల దుకాణం నడిపేవారు పశువు కోసమని అడిగితే ఈ మందు ఇవ్వకూడదు.

3. నొప్పి సూది వేసిన వారం లోపు పశువు చనిపోతే దానిని ఊరి బయట పడవేయవద్దు. లోతైన గొయ్యి తీసి పూడ్చండి. గొయ్యి బావికి, బోరుకు, చెరువుకు దూరంగా ఉండాలి.

4. ఆరోగ్యంగా ఉన్న పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు నుండి గాని మలద్వారం నుండి గాని గడ్డకట్టని నల్లని రక్తం కారితే దొమ్మ రోగమని అనుమానించాలి. దాని చర్మం ఒలవవద్దు, కోయవద్దు, మాంసం తినవద్దు. వెంటనే పశువైద్యశాలకు తెలియజేయండి. దొమ్మ రోగం మనుషులకు కూడా వస్తుంది.

5. రాబందు గాని, మరే అడవి పక్షి గాని పడిపోయి కనిపిస్తే వట్టి చేతులతో ముట్టుకోవద్దు. పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచి అటవీశాఖ వారికి తెలియజేయండి.

కుక్క కరిస్తే

కుక్కల సంగతి వచ్చింది గనుక దీనిని తప్పక చదవండి. రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత బ్రతికించే చికిత్స లేదు. లక్షణాలు రాకముందే సరిగా చికిత్స చేస్తే అది రాకుండా ఆపవచ్చు.

కరిచిన వెంటనే, ఇంటి దగ్గరే, ధారగా పడే నీటితో, సబ్బుతో గాయాన్ని 15 నిమిషాలు కడగండి. గడియారం చూచి కడగండి, ఎందుకంటే 15 నిమిషాలు మనం అనుకునే దానికంటె ఎక్కువ సేపు. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పెట్టవద్దు. కట్టు గట్టిగా కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. గాయం లోతుగా ఉంటే, రక్తం వస్తే, టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. టీకా ఒక్కసారితో అయిపోదు. మొదటి రోజు వేసిన తరువాత చీటీలో వ్రాసిన తేదీలన్నిటికీ రావాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం. కుక్క బాగానే ఉంది గదా అని గాని, పెంపుడు కుక్క గదా అని గాని మధ్యలో మానవద్దు. ఆ నిర్ణయం డాక్టరుకు వదలండి.

మన మూత్రపిండాల సంగతి

మనిషి మూత్రపిండాలు రాబందు మూత్రపిండాల వంటివి కావు. ఒక మాత్ర వేసుకున్నంత మాత్రాన భయపడనవసరం లేదు. అయినా డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులను డాక్టరును అడగకుండా నెలల తరబడి మ్రింగితే మన మూత్రపిండాలు కూడా చెడిపోవచ్చు. కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, వృద్ధులు, గర్భిణీ స్త్రీలు, వాంతులు విరేచనాలతో నీరసించినవారు ఈ మాత్రలు సొంతంగా వేసుకోరాదు. పొలం పనికి వెళ్ళే ముందు నొప్పి రాకుండా రోజుకొక మాత్ర వేసుకునే అలవాటు చాలామందికి ఉన్నది. ఈ అలవాటు ఉన్నవారు ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

పాఠం చదివిన తరువాత జవాబు చెప్పండి

1. గౌట్‌తో చనిపోయిన రాబందుల అవయవాల మీద కనిపించిన తెల్లని పొర ఏమిటి?

2. కొద్ది పశువులకే మందు వేసినా చాలా రాబందులు ఎందుకు చనిపోయాయి?

3. పశువు నొప్పికి డైక్లోఫెనాక్ బదులు ఏ మందు అడగాలి?

4. సూది వేసిన వారం లోపు చనిపోయిన పశువును ఏమి చేయాలి?

5. కుక్క కాటు గాయాన్ని ఎంతసేపు, దేనితో కడగాలి?

చదవడం రాని పెద్దలకు, పశువులు మేపే పిల్లలకు ఈ ప్రశ్నలు మీరే చదివి వినిపించి జవాబులు చెప్పించండి. వారానికొకసారి జరిగే మహిళా సంఘం కూటంలో కూడా చదువవచ్చు. మూడవ ప్రశ్నకు జవాబు ఇంటిలో అందరికీ నోటికి రావాలి.